ఆటోక్యాడ్‌లో బ్లాక్‌కి యూనిట్ సరిగ్గా పెట్టడం ఎలా?

మన దగ్గర ఒక మామూలు ఇంటి ప్లాన్ ఎన్ని చేతులు మారుతుందో చూడండి. సర్వేయర్ టోటల్ స్టేషన్‌తో కొలిచి ఇచ్చిన సైట్ ఫైల్ మీటర్లలో ఉంటుంది. ఓనర్ మాట్లాడేది అడుగులు, అంగుళాలు, గజాల్లో కాబట్టి ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్లాన్ అడుగులు-అంగుళాల్లో గీస్తారు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి మిల్లీమీటర్లు కావాలి. అనుమతి కోసం పెట్టే డ్రాయింగ్ మళ్ళీ మీటర్లలోకి వెళ్తుంది. కమోడ్లు, వాష్ బేసిన్లు తయారుచేసే కంపెనీల ఫైళ్ళు ఎక్కువగా మిల్లీమీటర్లలో దొరుకుతాయి. ఒకే ఇంటి మీద ఇన్ని కొలమానాలు తిరుగుతుంటే, మీరు ఒకసారి శ్రద్ధగా గీసుకున్న తలుపు, మంచం, కుర్చీ బ్లాక్‌లు (ఆటోక్యాడ్‌లో ఒకసారి గీసి, పేరు పెట్టి, మళ్ళీ మళ్ళీ వాడుకునే బొమ్మలు) అన్నిచోట్లా అసలు సైజులోనే రావాలి.

రాకపోతే ఏమవుతుందో ఆటోక్యాడ్ వాడే ప్రతివారికీ తెలుసు. కుర్చీ ఇంటికంటే పెద్దదై కూర్చుంటుంది, లేదా మంచం పెట్టినచోట చుక్క కూడా కనబడదు. అప్పుడు చాలామంది స్కేల్ కమాండ్ తీసి కంటికి ఆనేదాకా తగ్గిస్తారు, లేదా 25.4తో (అంగుళానికి ఇన్ని మిల్లీమీటర్లు) గుణించి సరిపెడతారు. ఆ పూటకి పని గడుస్తుంది. కానీ తప్పు బ్లాక్‌లో అలాగే ఉండిపోతుంది, రేపు ఆ బ్లాక్ తీసుకున్న ఇంకొకరికి అదే టెన్షన్. బ్లాక్ తయారుచేసేటప్పుడే యూనిట్ పెడితే ఆ తర్వాత ఎవరూ చేతితో స్కేల్ చేయాల్సిన పని ఉండదు. ఎలాగో ఒక్కొక్క అడుగుగా చెబుతాను. పేర్లన్నీ ఆటోక్యాడ్‌వే. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటి వాటిలో కూడా ఇవే వేరియబుల్స్ (పేరు కొట్టి మార్చుకునే సెట్టింగ్‌లు) ఉంటాయి, మెనూలు మాత్రం కాస్త అటూ ఇటూ.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి

ఆటోక్యాడ్‌కి అంగుళం, మీటరు అని ఏమీ తెలియదు. మీరు 450 అని కొడితే 450 యూనిట్ల గీత గీస్తుంది, అంతే. ఆ 450 మిల్లీమీటర్లా, అంగుళాలా అన్నది ఫైల్‌లో ఉండే ఒక లేబుల్ చెబుతుంది. ఆ లేబుల్ పేరు ఇన్‌స్‌యూనిట్స్. లేబుల్ మారిస్తే గీతలు మారవు. పప్పు డబ్బా మీద బియ్యం అని చీటీ అతికిస్తే లోపలున్నది బియ్యం అయిపోదు కదా, ఇదీ అంతే. సైజు తేడాలన్నిటికీ మూలం దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది: లోపలి గీత ఒక కొలమానంలో, పైన లేబుల్ ఇంకో కొలమానంలో.

బ్లాక్ పెట్టేటప్పుడు ఆటోక్యాడ్ రెండు లేబుళ్ళు చూస్తుంది. ఒకటి వచ్చే బ్లాక్‌ది, రెండోది దాన్ని అందుకునే డ్రాయింగ్‌ది. రెండిటి మధ్య నిష్పత్తి లెక్కకట్టి, దానితో బ్లాక్‌ని గుణించి పెడుతుంది. అంగుళాల బ్లాక్ మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లోకి వస్తే 25.4తో గుణిస్తుంది. మిల్లీమీటర్ల బ్లాక్ మీటర్ల డ్రాయింగ్‌లోకి వెళ్తే 0.001తో. 450 మిల్లీమీటర్ల కుర్చీ 0.45 మీటర్లవుతుంది, అదే సరైన సైజు. అదే కుర్చీని మిల్లీమీటర్లలో గీసి లేబుల్ మాత్రం అంగుళాలుగా వదిలేస్తే, మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లో 11,430 అయి దిగుతుంది. అంటే దాదాపు పదకొండున్నర మీటర్ల కుర్చీ.

లెక్క అంతా బ్లాక్ పెట్టే క్షణంలోనే జరిగిపోతుంది. తర్వాత మీరు డ్రాయింగ్ లేబుల్ మార్చినా, అప్పటికే పెట్టిన బ్లాక్‌లు ఉన్న సైజులోనే ఉంటాయి.

మొదటి పని: ఫైల్ నిజంగా ఏ యూనిట్‌లో ఉందో కొలిచి చూడండి

లేబుల్ చూసే ముందే గీత కొలవండి. లేబుల్ అబద్ధం చెప్పొచ్చు, గీత చెప్పదు. సైజు మీకు ఖచ్చితంగా తెలిసిన వస్తువు ఏదైనా ఒకటి ఎంచుకుని డిస్ట్ కమాండ్‌తో కొలవండి. మన దగ్గర 200 గజాల ప్లాటు అంటే చాలాచోట్ల 30 అడుగులు, 60 అడుగులు. ఆ 60 అడుగుల వైపు కొలిస్తే 720 వస్తే డ్రాయింగ్ అంగుళాల్లో ఉంది. 60 వస్తే అడుగుల్లో, 18.288 వస్తే మీటర్లలో, 18,288 వస్తే మిల్లీమీటర్లలో. లోపలి ప్లాన్ మాత్రమే ఉంటే తొమ్మిదంగుళాల గోడ మందం కొలవండి. 9 వస్తే అంగుళాలు, 0.75 వస్తే అడుగులు, 230 దరిదాపుల్లో వస్తే మిల్లీమీటర్లు, 0.23 వస్తే మీటర్లు.

కొలిచేటప్పుడు అంకె డెసిమల్‌లో కనబడేలా చూసుకోండి. యూనిట్స్ కమాండ్ కొడితే తెరుచుకునే డబ్బాలో పైన లెంగ్త్ టైప్ అని ఉంటుంది. అది ఆర్కిటెక్చరల్‌లో ఉంటే 720 అన్నది 60 అడుగులుగా కనబడుతుంది. ఎందుకంటే ఆర్కిటెక్చరల్, ఇంజనీరింగ్ రెండూ ఒక యూనిట్‌ని ఒక అంగుళంగా తీసుకుని అంకె చూపిస్తాయి. కొలిచేదాకా డెసిమల్‌కి మార్చి, అయ్యాక వెనక్కి పెట్టేయండి. డ్రాయింగ్‌కి ఏ నష్టమూ లేదు, మారేది చూపించే తీరు మాత్రమే.

ఈ డబ్బా దగ్గర కాస్త ఆగాలి, గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. పైన ఉన్న లెంగ్త్ టైప్‌కీ, కింద ఉన్న ఇన్సర్షన్ స్కేల్‌కీ ఏ సంబంధమూ లేదు. టైప్‌ని ఆర్కిటెక్చరల్ చేసినంత మాత్రాన లేబుల్ అంగుళాలు అయిపోదు. ఆటోక్యాడ్‌తో వచ్చే టెంప్లేట్లలో (కొత్త డ్రాయింగ్ మొదలుపెట్టే నమూనా ఫైళ్ళలో) అక్యాడ్‌ఐసో అనేది మిల్లీమీటర్ల లేబుల్‌తో వస్తుంది, ఉత్త అక్యాడ్ అనేది అంగుళాల లేబుల్‌తో. అక్యాడ్‌ఐసోతో ఫైల్ మొదలుపెట్టి, టైప్ ఒక్కటి ఆర్కిటెక్చరల్ చేసి, అడుగులు-అంగుళాల్లో గీసుకుంటూ పోయారనుకోండి. ఆ ఫైల్ పైకి అంగుళాల ఫైల్‌లా కనబడుతుంది, లేబుల్ మాత్రం మిల్లీమీటర్లు. దానిలోకి నిజాయితీగా అంగుళాల లేబుల్ ఉన్న తలుపు తెస్తే 25.4 రెట్లు పెద్దదవుతుంది. తలుపు బ్లాక్ తప్పేమీ లేదు, అందుకున్న డ్రాయింగ్ లేబుల్ తప్పు. అందుకే సైజు తేడా రాగానే బ్లాక్‌ని తిట్టుకోకుండా రెండువైపులా చూడండి.

లేబుల్ చూడటానికి కమాండ్ లైన్‌లో ఇన్‌స్‌యూనిట్స్ అని ఖాళీ లేకుండా కొట్టండి. ఒక అంకె వస్తుంది. 0 అంటే యూనిట్ లేదు, 1 అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 5 సెంటీమీటర్లు, 6 మీటర్లు. ఇవి గుర్తుంటే మన పనికి చాలు. పక్కనే మెజర్‌మెంట్ అనే ఇంకో వేరియబుల్ కనబడి, అది మార్చాలేమో అనిపిస్తుంది. అది హ్యాచ్ (లోపల నింపే నమూనా), లైన్‌టైప్ (గీత రకం) ఏ ఫైల్ నుంచి తీసుకోవాలో చెప్పేది, బ్లాక్ సైజుతో దానికి పనిలేదు.

రెండో పని: లేబుల్ తప్పా, గీత తప్పా తేల్చుకుని సరిచేయండి

గీత అంగుళాల్లోనే ఉంది, మీకు కావల్సిందీ అంగుళాలే, లేబుల్ ఒక్కటే తప్పు అనుకోండి. యూనిట్స్ డబ్బాలో ఇన్సర్షన్ స్కేల్‌ని అంగుళాలు చేసి సేవ్ చేయండి. అయిపోయింది. స్కేల్ కమాండ్ ముట్టుకోవద్దు.

లేబుల్, గీత రెండూ అంగుళాల్లోనే ఉన్నాయి, మీ లైబ్రరీ, అంటే మీరు దాచుకున్న బ్లాక్‌ల కలెక్షన్, మాత్రం మిల్లీమీటర్లలో ఉండాలి అనుకోండి. నిజానికి అప్పుడు ఏమీ చేయక్కర్లేదు, లేబుల్ సరిగ్గా ఉంది కాబట్టి మార్పిడి దానంతట అదే జరుగుతుంది. అయినా మార్చాలనుకుంటే రెండు పనులూ కలిపి చేయాలి: గీతల్ని 0,0 బిందువు నుంచి 25.4తో స్కేల్ చేయడం, లేబుల్‌ని మిల్లీమీటర్లు చేయడం. ఒకటి చేసి రెండోది మర్చిపోతే పాత సమస్య మళ్ళీ మొదలు. గీతల్ని 25.4తో పెంచి లేబుల్ అంగుళాలుగా వదిలేసిన ఫైళ్ళు డౌన్‌లోడ్ చేసిన కలెక్షన్లలో చాలా దొరుకుతాయి.

ఈ రెండు పనుల్నీ ఒకేసారి చేసే కమాండ్ ఒకటుంది. డీడబ్ల్యూజీయూనిట్స్‌కి ముందు హైఫన్ పెట్టి కొడితే, వరసగా ప్రశ్నలు అడిగి, ఇప్పటికే ఉన్న గీతల్ని కూడా కొత్త యూనిట్‌కి తగ్గట్టు మార్చాలా అని అడుగుతుంది. ప్రశ్నలు తొందరగా ఎంటర్ కొట్టి దాటేసేవి కావు, ఒక్కొక్కటి చదవండి. అసలు ఫైల్ మీద కాకుండా కాపీ మీద చేసి, డిస్ట్‌తో కొలిచాకే అసలుదాన్ని మార్చండి.

మూడో పని: బ్లాక్ తయారుచేసేటప్పుడు యూనిట్ పెట్టడం

ఒక తలుపుతో చూద్దాం. బెడ్‌రూమ్ తలుపు, 3 అడుగుల వెడల్పు, అంగుళాల్లో గీస్తే 36 యూనిట్లు. 1:1 కొలతలోనే గీయండి. బ్లాక్‌ని 1 యూనిట్ వెడల్పుతో గీసి పెట్టేటప్పుడు 36తో స్కేల్ చేసుకునే పాత అలవాటు ఒకటుంది. కొత్త వాళ్ళకి దాన్ని నేర్పకండి, అక్కడ యూనిట్ లేబుల్‌కి అర్థమే పోతుంది.

గీతలన్నీ లేయర్ 0 మీద, రంగు బైలేయర్‌లో (లేయర్ రంగునే తీసుకునేలా) ఉంచండి. బ్లాక్ కమాండ్ కొట్టి పేరు ఇవ్వండి. పేరులోనే కొలత తెలిస్తే మంచిది: డోర్-36అంగుళాలు అని. బేస్ పాయింట్‌గా (బ్లాక్‌ని పట్టుకుని పెట్టే బిందువుగా) తలుపు మూల, అంటే ఫ్రేమ్ గోడను తాకే చోటు తీసుకోండి. ఆబ్జెక్ట్‌లు సెలెక్ట్ చేయండి. కింద సెట్టింగ్స్ భాగంలో బ్లాక్ యూనిట్ అనే జాబితా ఉంటుంది. అక్కడ అంగుళాలు ఎంచుకోండి. అది తనంతట తాను సరైనదే చూపిస్తుందని నమ్మొద్దు, ఆ డ్రాయింగ్ ఇన్‌స్‌యూనిట్స్ ఏదుంటే దాన్నే తీసుకుంటుంది. ఆ డ్రాయింగ్ లేబుల్ తప్పైతే బ్లాక్ లేబుల్ కూడా తప్పే.

అదే డబ్బాలో స్కేల్ యూనిఫామ్లీ అనే టిక్ ఉంటుంది. కుర్చీ, కమోడ్, గ్యాస్ స్టవ్ లాంటి వాటికి అది పెట్టండి. పెడితే ఎవరూ పొరపాటున నిలువుగా సాగదీసి కమోడ్‌ని బాత్‌టబ్ చేయలేరు.

బ్లాక్‌ని విడి ఫైల్‌గా రాసుకోవాలంటే డబ్ల్యూబ్లాక్ కమాండ్ వాడతారు కదా, అక్కడ కూడా ఇన్సర్ట్ యూనిట్స్ అని ఒక జాబితా ఉంటుంది. చాలామంది కంటికి అది ఆనదు. బయటికి వెళ్ళే ఫైల్‌కి లేబుల్ అక్కడే పడుతుంది కాబట్టి తప్పకుండా చూడండి.

నాలుగో పని: ఒక ఫైల్‌లో రెండు రకాల లేబుళ్ళుంటాయని గుర్తుంచుకోవడం

లైబ్రరీ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మీ దగ్గర ఫర్నిచర్ అనే ఒక ఫైల్ ఉంది, అందులో నలభై బ్లాక్‌లున్నాయి అనుకోండి. ఫైల్‌కి ఒక లేబుల్ ఉంది. లోపలున్న నలభై బ్లాక్‌లకి దేని లేబుల్ దానికుంది. ఫైల్ మొత్తాన్ని ఇన్సర్ట్ చేస్తే ఫైల్ లేబుల్ పనిచేస్తుంది. డిజైన్ సెంటర్ నుంచో, టూల్ పాలెట్ నుంచో (రెండూ బ్లాక్‌లు లాగి పెట్టుకునే చోట్లే) ఒక్క సోఫాని లాగితే సోఫా లేబుల్ పనిచేస్తుంది. కాబట్టి యూనిట్స్ డబ్బాలో ఫైల్ లేబుల్ మార్చి "లైబ్రరీ సరిచేశాను" అనుకుంటే లోపలి బ్లాక్‌లు అలాగే ఉంటాయి.

పాత బ్లాక్ లేబుల్ మార్చాలంటే బీఎడిట్ కమాండ్‌తో బ్లాక్ ఎడిటర్‌లోకి వెళ్ళండి. ఏ గీతనూ సెలెక్ట్ చేయకుండా ప్రాపర్టీస్ పాలెట్ తెరవండి. కిందకి వెళ్తే బ్లాక్ అనే భాగంలో యూనిట్స్ కనబడుతుంది. అక్కడ మార్చి, సేవ్ చేసి బయటికి రండి. ఆ డ్రాయింగ్‌లో ముందే పెట్టి ఉన్నవి కదలవు, ఇకమీద పెట్టేవి కొత్త లేబుల్ ప్రకారం వస్తాయి. బ్లాక్‌లు వందల్లో ఉంటే చేత్తో చేయడం విసుగే. బ్లాక్ డెఫినిషన్‌కి (ఫైల్‌లో ఉండే బ్లాక్ అసలు బొమ్మకి) యూనిట్స్ అనే ప్రాపర్టీ ఉంది కాబట్టి లిస్ప్ (ఆటోక్యాడ్‌లో ప్రోగ్రామ్ రాసే భాష) తెలిసిన సహోద్యోగిని అడిగితే నాలుగు వరసల్లో అన్నిటికీ ఒకేసారి మార్చిపెడతారు. కానీ ముందు అన్నీ నిజంగా ఒకే యూనిట్‌లో గీశారా అన్నది కొలిచి చూసుకోవాలి. కలగూరగంపలా చేరిన లైబ్రరీలో మంచం మిల్లీమీటర్లలో, డైనింగ్ టేబుల్ అంగుళాల్లో ఉండటం మామూలే.

బ్లాక్‌లో ఇంకో బ్లాక్ ఉంటే, ఉదాహరణకి డైనింగ్ టేబుల్ బ్లాక్‌లో ఆరు కుర్చీలు ఉంటే, టేబుల్‌ని పెట్టేటప్పుడు టేబుల్ లేబుల్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. లోపలి కుర్చీలు దానితో పాటే పెరుగుతాయి, తరుగుతాయి. కుర్చీని విడిగా లాగినప్పుడే దాని లేబుల్ బయటపడుతుంది. టేబుల్ బాగానే వస్తుంది, కుర్చీ ఒక్కటే ఎందుకు పెద్దదవుతోంది అన్న ప్రశ్నకి జవాబు ఇదే.

ఐదో పని: యూనిట్ లేని ఫైళ్ళ సంగతి

ఇన్‌స్‌యూనిట్స్ 0 ఉంటే యూనిట్ లేదు కాబట్టి స్కేల్ చేయదు, ఉన్నదున్నట్టు వస్తుంది అని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. లేబుల్ 0 ఉన్నప్పుడు ఆటోక్యాడ్ ఇంకో రెండు వేరియబుల్స్‌ని అడుగుతుంది. వచ్చే బ్లాక్‌కి లేబుల్ లేకపోతే ఇన్‌స్‌యూనిట్స్‌డెఫ్‌సోర్స్ ఏం చెబితే అది. అందుకునే డ్రాయింగ్‌కి లేకపోతే ఇన్‌స్‌యూనిట్స్‌డెఫ్‌టార్గెట్ ఏం చెబితే అది. ఆప్షన్స్‌లో యూజర్ ప్రిఫరెన్సెస్ అనే ట్యాబ్‌లో ఇన్సర్షన్ స్కేల్ కింద ఈ రెండూ కనబడతాయి.

ఈ రెండు విలువలూ డ్రాయింగ్‌లో సేవ్ కావు. మీ కంప్యూటర్‌లో, మీ ఆటోక్యాడ్ ప్రొఫైల్‌లో ఉంటాయి. దీనివల్ల ఒకే డ్రాయింగ్, ఒకే బ్లాక్ మీ కంప్యూటర్‌లో సరిగ్గా వచ్చి పక్క కంప్యూటర్‌లో 25.4 రెట్లు పెద్దదై రావచ్చు. మీ దగ్గర అవి మిల్లీమీటర్లుగా ఉండి, పక్కవారి దగ్గర అంగుళాలుగా ఉంటే జరిగేది అదే. "నా సిస్టమ్‌లో బాగానే వస్తోందే" అని ఆఫీసుల్లో జరిగే వాదనల్లో ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

దీనికి మందు రెండు భాగాలు. లైబ్రరీలో ఏ బ్లాక్‌నీ లేబుల్ లేకుండా ఉంచకండి. ఆఫీసులోని అన్ని కంప్యూటర్లలో ఈ రెండు విలువలూ ఒకేలా పెట్టించండి. రెండూ 0 పెడితే లేబుల్ లేనివి నిజంగానే 1:1లో దిగుతాయి. బయటి ఫైళ్ళు ఎక్కువగా వచ్చే ఆఫీసుకి నేను దాన్నే సూచిస్తాను, ఎందుకంటే లేబుల్ లేని ఫైల్ గురించి ఆటోక్యాడ్ ఊహించడం కంటే అది ఉన్నదున్నట్టు దిగాక మనిషి కొలిచి తేల్చుకోవడం మేలు.

ఆరో పని: పెట్టి చూసుకోవడం

లైబ్రరీలో చేర్చే ముందు ప్రతి బ్లాక్‌నీ మూడు ఖాళీ డ్రాయింగ్‌లలో పెట్టి చూడండి: ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి అంగుళాలు, ఒకటి మీటర్లు. మన 36 అంగుళాల తలుపు మొదటిదానిలో 914.4, రెండోదానిలో 36, మూడోదానిలో 0.9144 రావాలి. స్కేల్ అడిగినప్పుడు 1 అనే ఇవ్వండి.

ఇన్సర్ట్‌కి ముందు హైఫన్ పెట్టి కమాండ్ లైన్‌లోనే నడిపిస్తే, బ్లాక్ పేరు ఇవ్వగానే దాని యూనిట్ ఏంటో, ఎంతతో గుణించబోతోందో చూపిస్తుంది. 2020 వెర్షన్ నుంచి ఇన్సర్ట్ అంటే బ్లాక్స్ పాలెట్ తెరుచుకుంటోంది. పాత డబ్బా కావాలంటే క్లాసిక్‌ఇన్సర్ట్ అని కొట్టండి, అందులో ఒక మూల బ్లాక్ యూనిట్, ఫ్యాక్టర్ రెండూ కనబడతాయి. పెట్టిన తర్వాత ప్రాపర్టీస్‌లో కూడా బ్లాక్ యూనిట్, యూనిట్ ఫ్యాక్టర్ అని ఉంటాయి. స్కేల్ ఎక్స్ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు, యూనిట్ ఫ్యాక్టర్ కూడా కలిపి చూడండి, చివరికి డిస్ట్‌తో కొలవండి.

తేడా వస్తే ఎంత తేడా వచ్చిందో భాగించి చూస్తే జబ్బు ఏంటో తెలిసిపోతుంది. వచ్చిన కొలతని రావాల్సిన కొలతతో భాగించండి. 25.4 వస్తే అంగుళం, మిల్లీమీటరు తారుమారయ్యాయి. 12 అయితే అడుగు, అంగుళం. 304.8 అయితే అడుగు, మిల్లీమీటరు. 39.37 అయితే మీటరు, అంగుళం. 1000 అయితే మీటరు, మిల్లీమీటరు. 0.0394 లాంటి చిన్న అంకె వస్తే 25.4 కథే, తిరగేసి. వీటిలో ఏదీ కాకుండా 1.37 లాంటి అంకె వచ్చిందంటే అది యూనిట్ సమస్య కాదు, ఎవరో కంటి అంచనాతో స్కేల్ చేశారు. ఆ బ్లాక్‌ని మళ్ళీ గీసుకోవడమే నయం.

బ్లాక్ అసలు కనబడకపోతే వెంటనే సైజు మీదకి వెళ్ళకండి. సర్వే ఫైల్‌లోంచి తీసిన బ్లాక్ అయితే గీతలు లక్షల మీటర్ల దూరంలో ఉండి, బేస్ పాయింట్ 0,0 దగ్గర ఉండిపోయి ఉండొచ్చు. జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టి ఎక్కడో దూరాన చుక్కలా కనబడితే, బేస్ పాయింట్ మార్చాలి, యూనిట్ కాదు.

లెక్క సరిపోయినా గోడలో కూర్చోని బ్లాక్

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మన వాడుకలోదే, కానీ అందరినీ ఇబ్బంది పెడుతుంది. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, 1959 నుంచి అంతర్జాతీయంగా అదే ఒప్పందం. కాబట్టి 9 అంగుళాల గోడకి గీసిన కిటికీ బ్లాక్ మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లోకి 228.6గా వస్తుంది. అక్కడ గోడని 230గా గీసి ఉంటారు. 1.4 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ 114.3, మనం గీసేది 115. మూడడుగుల తలుపు 914.4, మిల్లీమీటర్లలో గీసేవాళ్ళు 900 పెడతారు. ఏడడుగుల ఎత్తు 2133.6, వాళ్ళ డ్రాయింగ్‌లో 2100.

ప్రింట్‌లో 1.4 మిల్లీమీటర్లు ఎవరికీ కనబడదు. కానీ హ్యాచ్ వేసినప్పుడు బౌండరీ దొరకదు, డైమెన్షన్‌లు 229, 231 అని వింత అంకెలు చూపిస్తాయి. తలుపు విషయంలో 14.4 మిల్లీమీటర్ల తేడా అంటే ఫ్రేమ్ ఆర్డర్ దాకా వెళ్ళే తేడా. అందుకని గోడలో ఇమిడే బ్లాక్‌లని, అంటే తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లని, రెండు సెట్లుగా పెట్టుకోండి. ఒకటి అంగుళాల్లో, అంగుళాల లేబుల్‌తో, ఇంకోటి మిల్లీమీటర్లలో, మిల్లీమీటర్ల లేబుల్‌తో, 900, 230 కొలతలకి విడిగా గీసి. వాటి పేర్లు కూడా వేరుగా ఉండాలి. గోడకి తగలని ఫర్నిచర్, కార్లు, చెట్లు ఒక్క సెట్ చాలు, మార్పిడిని ఆటోక్యాడ్‌కి వదిలేయండి. మంచం 1828.8 అయితే ఎవరికీ నష్టం లేదు. వెడల్పుల జాబితా ఉన్న డైనమిక్ బ్లాక్‌లని కూడా నేను రెండు సెట్లలోనే చేస్తాను. జాబితాలో 30, 36, 42 అని ఉండటం వేరు, 750, 900, 1050 అని ఉండటం వేరు.

గుర్తులకి వేరే పద్ధతి

ఉత్తరం బాణం, సెక్షన్ మార్క్, లెవెల్ గుర్తు లాంటివి వస్తువులు కావు. వాటికి నేల మీద సైజు లేదు, కాగితం మీద ఎంత కనబడాలన్నదే కొలత. వీటిని యానొటేటివ్ బ్లాక్‌లుగా (ప్రింట్ స్కేల్‌ని బట్టి సైజు సర్దుకునేవిగా) చేస్తే సైజుని యానొటేషన్ స్కేల్ చూసుకుంటుంది. దాని మీద యూనిట్ ఫ్యాక్టర్ కూడా వచ్చి పడితే రెండు గుణకారాలు కలిసిపోతాయి. అందుకే యానొటేటివ్ బ్లాక్ పెట్టేటప్పుడు యూనిట్ ఫ్యాక్టర్ 1 ఉండాలి. అంటే బ్లాక్ లేబుల్, డ్రాయింగ్ లేబుల్ ఒకటే కావాలి. ఆఫీసులో వాడే ప్రతి టెంప్లేట్‌లోనూ ఆ టెంప్లేట్ యూనిట్‌లోనే గుర్తుల్ని గీసి పెట్టేస్తే ఈ గొడవ ఉండదు. అంగుళాల టెంప్లేట్‌లో అంగుళాల గుర్తులు, మీటర్ల టెంప్లేట్‌లో మీటర్ల గుర్తులు.

సరిచేసిన బ్లాక్ పాతదిగానే వస్తుంటే

లైబ్రరీ ఫైల్‌లో అంతా సరిచేశారు, నడుస్తున్న ప్రాజెక్ట్‌లో పెట్టి చూస్తే పాత సైజే వస్తోంది. కారణం, ఆ ప్రాజెక్ట్ డ్రాయింగ్‌లో అదే పేరుతో పాత డెఫినిషన్ ముందే ఉంది. డిజైన్ సెంటర్ నుంచి మామూలుగా లాగితే లోపలున్నదాన్నే వాడుకుంటుంది, కొత్తది తెచ్చుకోదు. ఆ బ్లాక్ డ్రాయింగ్‌లో ఎక్కడా వాడకపోతే పర్జ్ చేసి (ఫైల్‌లోంచి పూర్తిగా తీసేసి) మళ్ళీ తెచ్చుకోండి. వాడి ఉంటే డిజైన్ సెంటర్‌లో రైట్ క్లిక్ చేసి రీడిఫైన్ ఓన్లీ ఎంచుకోండి. విడి ఫైల్ అయితే హైఫన్ ఇన్సర్ట్‌లో పేరు తర్వాత సమానం గుర్తు పెడితే ఫైల్‌ని మళ్ళీ చదువుతుంది.

రీడిఫైన్ చేసే ముందు ఒక్క జాగ్రత్త. మీరు లేబుల్ మాత్రమే మార్చి ఉంటే భయం లేదు. లోపలి గీతల్ని కూడా 25.4తో స్కేల్ చేసి ఉంటే, డ్రాయింగ్‌లో పాతగా పెట్టినవన్నీ తమ పాత స్కేల్‌తోనే ఉండి, కొత్త గీతల్ని చూపిస్తాయి. ఒక్క దెబ్బతో అపార్ట్‌మెంట్‌లోని తలుపులన్నీ 25.4 రెట్లవుతాయి. అలాంటప్పుడు కొత్త బ్లాక్‌కి కొత్త పేరు పెట్టి చేర్చుకోండి, పాతదాన్ని ఆ ప్రాజెక్ట్ అయ్యేదాకా అలాగే ఉండనివ్వండి.

ఒక డ్రాయింగ్ నుంచి ఇంకోదానికి కాపీ-పేస్ట్ చేసినా, ఎక్స్‌రెఫ్‌గా (బయటి ఫైల్‌ని లింక్‌లా) తగిలించినా ఇవే లేబుళ్ళు పనిచేస్తాయి. సర్వేయర్ ఇచ్చిన సైట్ ఫైల్‌కి మీటర్ల లేబుల్ ఉందో లేదో తగిలించే ముందే చూసుకోండి. హైదరాబాద్ నుంచి అమెరికా ప్రాజెక్ట్‌లకి పనిచేసేవాళ్ళకి ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అక్కడి సివిల్ ఫైళ్ళలో కొన్ని మామూలు అడుగుల్లో, కొన్ని యూఎస్ సర్వే ఫుట్‌లో ఉంటాయి. ఇన్‌స్‌యూనిట్స్‌లో మొదటిది 2, రెండోది 21. 2022తో సర్వే ఫుట్‌ని అధికారికంగా వదిలేశారు గానీ పాత ఫైళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రెండిటి తేడా పది లక్షలకి రెండు. కుర్చీకి, తలుపుకి అది సున్నాతో సమానం. ఇరవై లక్షల అడుగుల కోఆర్డినేట్ దగ్గర నాలుగడుగులు జరుగుతుంది. సైట్ ఫైల్ మీద బిల్డింగ్ ఫైల్ ఇలా నాలుగడుగులు పక్కకి కూర్చుంటే, మూవ్ కమాండ్‌తో జరిపే ముందు రెండు ఫైళ్ళలోనూ ఇన్‌స్‌యూనిట్స్ అంకె చూడండి.